నా కథకి జవాబు లేదు, అక్క కథ అచ్చయింది

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరుగారి ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఉత్తరం బాగా పెద్దది, దాంతోపాటు ఒకే కథని రెండు ప్రతులుగా పంపారు. విషయం క్లుప్తంగా చెబుతాను.

ఆవిడకి నలభై దాటాయి. కొన్నేళ్లుగా కథలు రాస్తున్నారు. మణికట్టు నొప్పి వల్ల టైపింగ్ మానేసి, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్లో వాయిస్ టైపింగ్ ఆన్ చేసుకుని కథ చెబుతారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు ఆమధ్య ఒక ఏఐ యాప్ వేసిచ్చింది. మొదట్లో అచ్చుతప్పులు దిద్దించుకోవడానికే వాడారు. పోనుపోను పేరాలకి పేరాలు దానికిచ్చి "బాగుచేసి పెట్టు" అనడం అలవాటైంది.

కథ ఇదీ: భర్త పోయిన ఒకావిడ ఆయన ఫోన్ నంబరుకి నెలనెలా రీచార్జ్ చేయిస్తూ ఉంటుంది. దండగ ఖర్చంటాడు కొడుకు. రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఆవిడ ఆ నంబరుకి ఫోన్ చేసి, ఒక్క రింగు మోగగానే కట్ చేస్తుంది. చెబుతున్నది కోడలు. ఈ కథని ఒక దినపత్రిక ఆదివారం అనుబంధానికి పంపితే నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. ఇంకో కథ పోటీకి వెళ్లింది, ఫలితాల్లో పేరు లేదు. విసుగొచ్చి మొదటి కథని తామున్న రచయితల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. చప్పట్ల బొమ్మలు బాగానే వచ్చాయి. ఒక పెద్దాయన మాత్రం "అమ్మా, ఇది మీరు రాసిందా, మెషీన్ రాసిందా?" అని అందరి ముందూ అడిగారు.

అంతకన్నా పెద్ద దెబ్బ తరువాత తగిలింది. గ్రూపులో పెట్టకముందే, యాప్ ముట్టుకోని మొదటి ప్రతిని ఆవిడ "అక్కా" అని పిలిచే ఒక సీనియర్ రచయిత్రికి పంపారట. "బాగుందిరా" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. పోయిన నెల ఆ అక్క కథ ఒక పత్రికలో వచ్చింది. అందులో చనిపోయిన భార్య నంబరుకి భర్త రీచార్జ్ చేయిస్తుంటాడు. సాయంత్రం పూట ఒక్క రింగిచ్చి కట్ చేస్తాడు.

"గ్రూపులో అందరూ అక్కకి అభినందనలు చెబుతుంటే నేనూ ఒక దండం బొమ్మ పెట్టాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. అక్కని నిలదీయాలా? గ్రూపు వదిలేయాలా? యాప్ తీసేయాలా? మా ఆయన అంటున్నట్టు అసలీ రాతలే మానేస్తే ప్రశాంతంగా ఉంటానా?" అని అడుగుతున్నారు.

టీచరుగారూ,

మీ నాలుగు ప్రశ్నలూ ఒకే రాత్రి పుట్టాయి కాబట్టి అన్నీ కలిసి ఒకే సమస్యలా కనిపిస్తున్నాయి. పత్రిక నుంచి జవాబు రాకపోవడానికీ, అక్క కథకీ ఏ సంబంధమూ లేదు. అక్క కథకీ, యాప్‌కీ అంతకన్నా లేదు. కాబట్టి దేని సంగతి దానిదిగా చూద్దాం.

ముందు పత్రిక సంగతి. నేను కొంతకాలం ఒక పత్రిక ఆదివారం పేజీల్లో పనిచేశాను కాబట్టి ఇది కాస్త లోపలి కబురు అనుకోండి. ఆదివారానికి ఒక కథ వేస్తే ఏడాదికి 52 కథలు. అందులో సంక్రాంతి, ఉగాది, దీపావళి లాంటి పండగలకి కొన్ని వెళ్లిపోతాయి, పోటీ పెట్టిన ఏడాది బహుమతి కథలకి ఇంకొన్ని. మిగిలిన చోటుకి మెయిల్లో వచ్చిపడేవి ఎన్నో మీరే ఊహించుకోండి. చదివేది ఒకరో ఇద్దరో, వాళ్లకి కథల పని ఒక్కటే ఉండదు. ఒకప్పుడు వారపత్రికలు ఈ బరువు చాలావరకు మోసేవి. నవ్య, ఆంధ్రభూమి వారపత్రిక లాంటివి కరోనా రోజుల్లో ఆగిపోయాక కథ రాసేవాళ్లందరూ మిగిలిన ఆ కొద్ది గుమ్మాల ముందే నిలబడ్డారు.

ఇక మీ కథ. ఫైలు తెరిచి చూస్తే పదకొండు పేజీలుంది. ఆదివారం అనుబంధంలో కథకి దొరికే చోటు అందులో సగం కూడా ఉండదు. ఆ ఎడిటర్ మీ కథని చదివి కాదన్నారో, పేజీలు చూసి పక్కన పెట్టేశారో, అసలు తెరవలేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. వెనకటికి కథతోపాటు స్టాంపులంటించిన కవరు పెట్టి పంపేవాళ్లు. కథ తిరిగొచ్చిందంటే కాదన్నట్టు. పోస్ట్‌మాన్ చేతిలో ఆ కవరు చూడగానే ప్రాణం ఉసూరుమనేది గానీ, విషయం మాత్రం తేలిపోయేది. మెయిల్ వచ్చాక పంపడం సులువైంది, తిరిగి రావడం అనేదే పోయింది. జవాబు రాకపోతే మనమే దానికొక అర్థం చెప్పుకుంటాం, అదెప్పుడూ మనకి చెడ్డ అర్థమే అయి ఉంటుంది.

ఇప్పుడు చేయదగ్గవి రెండున్నాయి. ఇంకో నెల ఆగుతానంటే ఆగండి, అందులో తప్పేం లేదు. ఆగలేనంటే ఆ పత్రికకి రెండు లైన్ల మెయిల్ రాయండి: ఫలానా తేదీన పంపిన ఫలానా కథని పరిశీలన నుంచి ఉపసంహరించుకుంటున్నాను అని. ఆ తరువాతే ఇంకొకరికి పంపండి. మెయిల్ రాయకుండా రెండోచోటికి పంపొద్దు. కథతోపాటు మీరు సంతకం పెట్టి పంపిన హామీపత్రం ఒకసారి తీసి చూసుకోండి. ఈ కథ నా సొంతం, అనువాదమో అనుకరణో కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని రాసిచ్చారు. ఒకే కథ రెండుచోట్ల వస్తే ఆ ఇద్దరు ఎడిటర్లూ మీ పేరు గుర్తుపెట్టుకుంటారు, మీరు కోరుకున్న రకంగా మాత్రం కాదు.

గ్రూపులో పెట్టడం వల్ల ఇంకో చిక్కుంది. చాలా పోటీలవాళ్లు పత్రికలే కాదు, సోషల్ మీడియాలో వచ్చిన కథలు కూడా పంపొద్దంటున్నారు. వందలమంది ఉన్న వాట్సాప్ గ్రూపు ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది నిర్వాహకుల ఇష్టం. ఈ కథ మటుకు పోటీలకి పంపకపోవడమే మంచిది. నిడివి తగ్గించడం ఇష్టం లేకపోతే వెబ్ పత్రికలు చూడండి, వాటికి పేజీల ఇబ్బంది లేదు. 1998 నుంచి నడుస్తున్న 'ఈమాట' అనే వెబ్ పత్రికలో రచనల్ని సమీక్షకులకి చూపించి, మార్పులు చేర్పులు సూచించే పద్ధతి ఉంది. పారితోషికం ఆశించొద్దు. ఇంట్లో అందరికీ చూపించడానికి కాగితం ముక్క కూడా ఉండదు. కానీ మీ కథలో ఏ పేరా కుంటుతోందో చెప్పే మనిషి దొరికే అవకాశం ఉంది, ఇప్పుడు మీకు కావలసింది అదే.

ఇప్పుడు యాప్. మీరు రెండు ప్రతులూ పంపి మంచిపని చేశారు. లేకపోతే నేనూ గాల్లో మాట్లాడేదాన్ని.

వాయిస్ టైపింగ్‌లో మీరు చెప్పిన మొదటి ప్రతిలో ఇలా ఉంది:

"దీపం పెట్టేసి వచ్చి కుర్చీలో కూలబడింది మా అత్త. నంబరు నొక్కింది. బీరువాలోంచి ఒక్క రింగు. కట్ చేసేసింది. ఉన్నార్లే, అంది. నాతో కాదు."

యాప్ బాగుచేశాక అదే చోట ఇలా ఉంది:

"సాయంత్రం దీపారాధన ముగించిన అనంతరం ఆమె తన దివంగత భర్త నంబరుకు ఫోన్ చేసింది. ఒక్క రింగు మోగిన వెంటనే కాల్‌ను ముగించింది. ఆ శబ్దం ఆమె హృదయంలో ఒక నిశ్శబ్దమైన ఓదార్పును నింపింది."

రెండూ పైకి చదవండి. మీ పిల్లలకి లెక్క చెప్పేటంత గట్టిగా. మొదటిదాంట్లో ఫోన్ ఎక్కడుందో తెలుస్తోంది. ఆయన బట్టల మధ్యే ఉందేమో అనిపిస్తోంది, మీరు చెప్పకపోయినా. ఆవిడ అన్న ఆ ఒక్క మాట కోడలి చెవిన పడింది, కోడలు ఏమీ అనలేదు. రెండోదాంట్లో బీరువా లేదు, కోడలు లేదు, "ఉన్నార్లే" లేదు. వాటికి బదులు ఓదార్పు అని ఒక మాట వచ్చి కూర్చుంది. మీరు చూపించినదాన్ని యాప్ వివరించింది. తప్పులు దిద్దమంటే కథని తీసేసి కథాసారాంశం పెట్టిందన్నమాట. పైగా ఆ సారాంశం ఏ జిల్లాదీ కాదు. వార్తల్లోనూ, అనువాదాల్లోనూ కనిపించే తెలుగు అది: అనంతరం, దివంగత, ముగించింది.

కాబట్టి ఆ పెద్దాయన మాట మీకెంత కష్టం కలిగించినా, సగం నిజం. అడిగిన తీరు బాగాలేదు. విడిగా ఫోన్ చేసి చెప్పాల్సిన మాట అది. కానీ మీ పాత కథలు చదివి, ఇది మీ గొంతు కాదని పట్టుకున్న మనిషి ఆయనొక్కరే. చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమంది చివరిదాకా చదివారో మరి! ఆయన మీద కోపం ఉంచుకోండి, పరవాలేదు. ఫోన్ నంబరు మాత్రం పోగొట్టుకోకండి.

యాప్ పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? అచ్చుతప్పులు మిగులుతాయి. వాయిస్ టైపింగ్ వినికిడి ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. చుక్కలూ కామాలూ పెట్టదు, ఒత్తులు పొల్లు చేస్తుంది, మనుషుల పేర్లు మార్చేస్తుంది. వాటిని కళ్లతో వెతుక్కోవాలి, కథకి రెండు మూడు రాత్రులు అదనం. అనుమానం వచ్చిన మాటకి ఆంధ్రభారతి వెబ్‌సైట్లో నిఘంటువులన్నీ ఒక్కచోటే వెతకొచ్చు. మీ స్కూల్లో తెలుగు మాస్టారికో మేడమ్‌కో టీ ఇప్పించి ఒకసారి చూసిపెట్టమనొచ్చు, మీ కథ బాగుందని వాళ్లంటే అది అదనపు లాభం.

ఉంచుకుంటానంటారా, దాని చేతికి కథ ఇవ్వకండి. "తిరగరాయొద్దు, అక్షరదోషాలు మాత్రం జాబితా రాసివ్వు" అనండి. దిద్దడం మీరే చేయండి. అప్పుడు కూడా అది "కూలబడింది" తప్పు, "కూర్చుంది" ఒప్పు అంటుంది. అలాంటి చోట దానిమాట వినకుండా ఉండే ఓపిక ఉంటేనే ఈ పద్ధతి మీకు పనికొస్తుంది. రాత్రి పదకొండింటికి, పొద్దున్న స్కూలుందన్న టెన్షన్‌లో, ఆ ఓపిక ఉంటుందా అన్నది మీరే తేల్చుకోవాలి. ఇంకో మాట, అది మీ కథని మెచ్చుకుంటే లెక్కలోకి తీసుకోకండి. ఏ కథ ఇచ్చినా చాలా హృద్యంగా ఉందనే అంటుంది.

ఇప్పుడున్నట్టే మొత్తం బాగుచేయించుకుంటూ పోతే? అలా రాసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల కథలూ అచ్చవుతున్నాయి, లేదని అనను. కానీ హామీపత్రం మీద "నా సొంతం" అని సంతకం పెట్టేటప్పుడు ఆ నిశ్శబ్దమైన ఓదార్పు ఎవరిదని మీ మనసుకే అనిపిస్తుంది. ఏఐ వాడకూడదని షరతుంటే, ఆ సంతకం అబద్ధమే అవుతుంది. బహుమతి వచ్చాక బయటపడితే డబ్బు వెనక్కిచ్చి ఊరుకోవడంతో పోదు.

వాయిస్ టైపింగ్ మాత్రం వదలొద్దు. మీ మొదటి ప్రతి బాగుండడానికి అదీ ఒక కారణమనుకుంటున్నాను. మీరు రాయలేదు, చెప్పారు. మణికట్టు నొప్పికి డాక్టర్ని కలిశారో లేదో ఉత్తరంలో లేదు. కలవకపోతే కలవండి.

ఇక అక్క. దీనికి జవాబు చెప్పడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది.

మీ కోపం న్యాయమైనదా కాదా అని చూడాలంటే రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఉమ్మడి ఆస్తి, ఏది మీ సొంతం అని గీత గీయాలి. పోయినవాళ్ల నంబరుకి రీచార్జ్ చేయించడం అన్న ఆలోచన మీ ఒక్కరికే వచ్చేది కాదు. రీచార్జ్ మానేస్తే కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకెవరికో వెళ్లిపోతుంది. బ్యాంకు ఓటీపీలు, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నీ దాని మీదే ఉంటాయి. మనిషి పోయిన ప్రతి ఇంట్లోనూ ఈ గొడవ ఉంది. ఇంతమంది కథకులున్నప్పుడు ఇద్దరు ముగ్గురికి ఇది కథలా తోచకపోతే ఆశ్చర్యపడాలి. చట్టం కూడా ఇదే అంటుంది. తన నాటకం ఇతివృత్తాన్ని తీసుకుని హిందీ సినిమా తీశారని ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆలోచనకీ, ఇతివృత్తానికీ కాపీరైట్ ఉండదు, దాన్ని ఎలా చెప్పారన్నదానికే ఉంటుంది అని 1978లో కోర్టు తీర్పు చెప్పింది. ఆనంద్ ఓడిపోయారు.

అలాగని మీది వట్టి అపోహ అనడం లేదు. సాయంత్రం పూట, ఒక్క రింగు, కట్ చేయడం. ఇది ఆలోచన కాదు, చెప్పిన తీరులో భాగం. ఇది కూడా ఇద్దరికీ తట్టే అవకాశం లేకపోలేదు గానీ, మీ ప్రతి చదివిన మనిషి కథలో కనిపించేసరికి నాకూ కనుబొమలు ముడిపడ్డాయి. దొంగతనం అనేముందు ఒక్క విషయం తెలుసుకోవాలి. అక్క ఆ కథని పత్రికకి ఎప్పుడు పంపారు? పత్రికలో పోయిన నెల వచ్చిందంటే పోయిన నెల రాసినట్టు కాదు. ఎంపికయ్యాక కూడా కథలు నెలల తరబడి వరుసలో ఉంటాయి. మీరు పంపడానికి ముందే ఆవిడ కథ ఎడిటర్ టేబుల్ మీద ఉండి ఉంటే, మీ ప్రతి చదివినప్పుడు ఆవిడకి గుండె గుభేలుమని ఉంటుంది. ఏం చెప్పాలో తెలీక "బాగుందిరా" అని ఊరుకుని ఉండొచ్చు. ఎప్పుడూ పెద్ద పెద్ద వాయిస్ మెసేజ్‌లు పెట్టే అక్క ఈసారి ఒక్క ముక్కతో సరిపెట్టారని మీరే రాశారు. ఆ ఒక్క ముక్కకి రెండు అర్థాలూ సరిపోతాయి.

తేదీ తెలుసుకోవడానికి ఫోన్ చేసి అడగడమే దగ్గర దారి. గ్రూపులో కాదు, మెసేజ్‌లో కూడా కాదు. మెసేజ్‌కి గొంతు ఉండదు, స్క్రీన్‌షాట్ ఉంటుంది. "అక్కా, కథ చదివాను. బాగుంది. ఎప్పుడు పంపారిది? నేను పంపిన కథలోనూ ఆ రింగు ఉంది కదా, చదవగానే ఉలిక్కిపడ్డాను" అని అడగండి. అబద్ధం లేదు, నింద లేదు. "ఏడాది క్రితం పంపానే, నీ కథ చూసి నేనూ కంగారు పడ్డాను" అంటే మీ నిద్ర మీకు తిరిగొస్తుంది. "అవును, నీ కథ చదివాక మనసులో ఉండిపోయిందేమో, నాకే తెలీలేదు" అంటే అది కూడా జరిగేదే. చదివిందేదో, తోచిందేదో మరిచిపోవడం రాసేవాళ్లందరికీ ఉన్న జబ్బు. అలాంటప్పుడు ఈ కథ పుస్తకంలో చేర్చేటప్పుడు మీ పేరు ఒక లైనులో చెప్పమని అడగొచ్చు, అడగడంలో చిన్నతనమేమీ లేదు. "నీ రింగేంటి, నా రింగేంటి" అని కసురుకుంటే స్నేహం పోతుంది. ఆ సంగతి కూడా తెలిసినట్టే కదా.

ఫోన్ చేయడం మీ వల్ల కాదంటే, ఊరుకోవడం కూడా ఒక దారే. మీ కథ మీరు అచ్చు వేయించుకుంటారు. అక్క కథలో మొగుడు, మీ కథలో పెళ్లాం, చూస్తున్న కోడలు. ఆ కోడలి చూపు అక్క కథలో లేదు. కానీ మీ కథ తరువాత వస్తుంది కాబట్టి, అది చదివి అక్క కథలా ఉందే అనేవాళ్లు ఉంటారు. అది భరించాలి. ఎడిటర్‌కి ముందే ఒక మాట రాసి ఉంచండి, మొదటి ప్రతి ఫలానా తేదీన తయారైంది అని. వాట్సాప్‌లో మీరు అక్కకి పంపిన మెసేజ్ తేదీతో సహా ఉంది కదా, దాన్ని డిలీట్ చేయకండి. ఇకమీదట కథ పూర్తవగానే ఒక కాపీ మీ మెయిల్‌కే మీరు పంపుకోండి.

ఆ పత్రిక ఎడిటర్‌కి ఫిర్యాదు చేయడం మూడో దారి. సంభాషణలు, సన్నివేశాల వరుస, వాక్యాలు కలిస్తే నేనే చేయమనేదాన్ని. ఒక్క రింగు మీద ఫిర్యాదు నిలబడదు, పేరు మాత్రం గొడవలు పెట్టుకునే మనిషని నిలిచిపోతుంది. గ్రూపులో రెండు కథల స్క్రీన్‌షాట్లూ పెట్టి న్యాయం అడగాలని కూడా మీకు అనిపించి ఉంటుంది. ఉత్తరంలో ఆ వాక్యం రాసి కొట్టేశారు, కొట్టేసినా చదవగలిగాను. ఆ పని చేస్తే ఒక పూట మీవైపు పదిమంది, ఆవిడవైపు పదిమంది చేరతారు. రెండో పూటకి అందులో సగంమంది రెండు కథలూ చదవకుండానే తీర్పులు చెబుతారు. మూడో రోజు ఎవరిదో శాలువా ఫోటో వస్తుంది, అందరూ అటు వెళ్లిపోతారు. మీరూ అక్కా మాత్రం అక్కడే ఉండిపోతారు.

గ్రూపు వదలాలా అన్నారు. 2022 నుంచి వాట్సాప్‌లో గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్లకే వెళ్తుంది, ఊరంతా దండోరా పడదు. కాబట్టి వెళ్లిపోయినా నాటకీయంగా ఏమీ ఉండదు. కానీ పోటీల ప్రకటనలు, ఏ పత్రిక ఏ మెయిల్‌కి పంపమంటోంది, ఎవరు పోయారు అన్నవి మీకు అక్కడే తెలుస్తున్నాయని రాశారు. మ్యూట్‌లో పెట్టి ఆదివారం ఒకసారి చూసుకుంటే ఆ పని జరుగుతుంది. చూసిన ప్రతిసారీ ఇంకొకరి అచ్చయిన కథ చూసి కడుపు మండితే, కొన్నాళ్లు బయటికొచ్చేయండి. ఆ మంట గురించి ఉత్తరంలో మూడుసార్లు క్షమాపణ చెప్పుకున్నారు. ఎందుకు? తోటివాళ్ల కథ అచ్చయితే సంతోషంతోపాటు కాస్త మంట కూడా కలగని రచయితని నేనింకా చూడలేదు. దండం బొమ్మ పెట్టి మీరు చేసిందీ మర్యాదే.

గ్రూపులో చేయకూడని పని ఒకటుంది. అచ్చుకాని కథ పెట్టకండి. అక్కడ కథ చదివి సలహా చెప్పే తీరిక ఎవరికీ లేదు, అది అభినందనలు చెప్పుకునే చోటు. మీ రాతప్రతి చదవడానికి ఇద్దరు చాలు. ఒకరు రాసేవాళ్లు, ఒకరు రాయనివాళ్లు అయితే మరీ మంచిది. రాసేవాళ్ల సంగతికొస్తే, ఆ పెద్దాయన్ని అడిగి చూడొచ్చని నాకు అనిపిస్తోంది. ముక్కుసూటిగా ఉంటారు, తట్టుకోవాలి. రాయనివాళ్లంటే మీ అత్తగారే ఎందుకు కాకూడదు? కథలోని అత్త ఆవిడ కాదని మీరు నొక్కి రాశారు. కాకపోతే వినిపించడానికి భయమెందుకు?

చివరిది, మానేయడం. కాళీపట్నం రామారావుగారు మీలాగే లెక్కల మాస్టారు, విశాఖపట్నంలో. తన కథల మీద తనకే తృప్తి లేక కొన్నేళ్లు రాయడం ఆపేశారు. ఆయనకి పేరు తెచ్చిన కథలు ఆ విరామం తరువాత వచ్చినవే. శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చిన పని అంతకన్నా తరువాతది, 1997లో. ఆపితే మీరూ అంతటివారవుతారని చెప్పడానికి ఇది ఎత్తలేదు. ఆపడం అనేది విడాకుల్లాంటి నిర్ణయం అక్కర్లేదు, పరీక్షల సీజన్లో ఆపి ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టినా ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు అని చెప్పడానికి. ఆపిన రోజుల్లో కథానిలయం వెబ్‌సైట్ తెరిచి పాత పత్రికల కథలు చదువుకోండి. స్కాన్ చేసి పెట్టారు, ఊరికే దొరుకుతాయి.

మీ ఆయన మాట వేరు. "నిద్ర చెడగొట్టుకుని రాస్తావు, రూపాయి రాదు" అన్నారని రాశారు. ఆ రెండో ముక్కకి నా దగ్గర జవాబు లేదు, నిజమే కాబట్టి. మొదటి ముక్కలో మీ మీద బెంగ కూడా ఉన్నట్టుంది. రాత్రి కథలు మాని, వారంలో ఒక పొద్దున్న ఆయన్ని వంటింట్లోకి పంపి మీరు కథ చెప్పుకునే ఏర్పాటు అడిగి చూడండి. ఒప్పుకోకపోతే అప్పుడు పోట్లాడొచ్చు.

అన్నట్టు, మీరు అడగకపోయినా చెబుతున్నాను. మొదటి ప్రతినే పంపండి, యాప్ ప్రతిని కాదు. పంపేముందు నాలుగో పేజీ నుంచి ఆరో పేజీ దాకా ఉన్న ఆడపడుచు పెళ్లి ఘట్టం తీసేసి ఒకసారి చదివి చూడండి. అది చాలా బాగా రాశారు, అయినా ఈ కథకి దాంతో పనిలేదు. తీస్తే ఎనిమిది పేజీలవుతుంది. ఆ పెళ్లిని పారేయకండి, విడిగా ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆ వియ్యపురాలు ఇంకో కథ అడుగుతోంది.